ణ అక్షరంతో ఆడపిల్ల పేరు

కోటప్పకొండ కనుచూపు మేరలో ఉన్న ఏ ఊరైనా అనుకోండి. మార్చి నెల. వీధి మలుపు తిరగ్గానే ముక్కు మండుతుంది. ఊరి బయట కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టుకున్నారు. ఈ రోజుల్లో బారసాలకు వచ్చినవాళ్లు ముందు తుమ్ముతారు, తర్వాతే బాగున్నారా అని అడుగుతారు.

మీకు కుర్చీ వేశారు. పిల్ల పుట్టి 21వ రోజు. పూర్వం బాలింత చేత నూతిలో చేద వేయించేవాళ్లు. నుయ్యి పూడ్చేశారు గనక ఇందాక బోరు పంపుకే పసుపు రాసి, బొట్టు పెట్టి, ఓ బిందె నీళ్లు పట్టించారు. గంగమ్మ ఏమీ అనుకోలేదు.

పంతులుగారు పంచాంగం తెరిచారు. "హస్తా నక్షత్రం, మూడో పాదం. పూ, ష, ణ, ఠ. అంటే ణ వచ్చిందమ్మా."

"ణతో ఏం పేరుంటుందండీ?" అంటూ మేనమామ సెల్‌ఫోను తీశాడు. వెతకనివ్వండి. దొరకదు. ఆ సంగతి పంతులుగారికీ తెలుసు. అయినా కాసేపు ఆగి, "కన్యారాశే కదా, పా, పీ, పూ, పే, ఏదైనా తీసుకోండి" అన్నారు. పాదానికి ఇంచుమించు ఆరు గంటలు. పిల్ల ఇంకో పూట ఆలస్యం చేసుంటే ఠ మీద పడేది.

"అక్షరాలు మీరు చూసుకోండి. కోటయ్యకు నేను మొక్కుకున్నా. కోటేశ్వరి అని ఉండాల్సిందే," అంది నాయనమ్మ.

ఇక్కడ పేరంటే మొక్కుబడి. కోటప్పకొండ మీది త్రికోటేశ్వరుడికి మొక్కినవాళ్ల ఇంట్లో కోటేశ్వరరావులు, కోటమ్మలు. గుంటూరులో కాలే మస్తాన్‌వలి దర్గాకు మొక్కిన హిందువుల ఇళ్లలో మస్తాన్‌రావులు, మస్తానమ్మలు. కృష్ణ అవతల జాన్‌పహాడ్ సైదులుకు మొక్కితే సైదారావు, సైదమ్మ. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే పిచ్చమ్మ, పెంటమ్మ అని పెట్టేవాళ్లు, యముడు చీదరించుకుని వదిలేస్తాడని. ఈ పట్టికలో మతం అడ్డు రాలేదు, అందమూ అడ్డు రాలేదు. బిడ్డ బతికితే చాలనుకున్న కాలం అది.

బాలింత తలెత్తకుండానే అంది. "పిలవటానికి రెండు మూడు అక్షరాలుంటే చాలు, అత్తయ్యా." వీడియో కాల్లో అమెరికా మేనత్త అందుకుంది. "అవును వదినా, పొడుగు పేరైతే ఇక్కడ తంటా. ఇంటిపేరు గడిలో ఒకటి, అసలు పేరు గడిలో ఇంకోటి పడతాయి."

"తేజ అని పెట్టండి, సింపుల్‌గా ఉంటది," అన్నాడు మేనమామ. పేపరు చదువుతున్న తాతయ్య కళ్లజోడు పైనుంచి చూశాడు. "తేజానా? యార్డులో ఇయ్యాళ ఎంత పలికిందిరా?" ఇల్లంతా ఒకటే నవ్వు. పొద్దుట్నుంచీ పిల్లను బంగారం, బంగారం అంటున్న అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. అదీ మిర్చి రకమేనని ఆవిడకెవరో గుర్తుచేశారు మరి.

నక్షత్రం కోసం పేరు సవరించుకోవడం ఈ ప్రాంతానికి కొత్తా? దుగ్గిరాలలో పెరిగిన సినీనటి జమున అసలు పేరు జనాబాయి. నది పేరు కలవాలని జ్యోతిషులు చెబితే మధ్యలో 'ము' చేర్చారు. ఆ ఒక్క అక్షరంతోనే ప్రేక్షకులకు జమున దొరికింది.

చివరికి అన్ని ఇళ్లలో జరిగేదే ఇక్కడా జరిగింది. బాలింత కోరిన పూజిత ముందు, ఆనవాయితీగా లక్ష్మి, దాని వెనక కోటేశ్వరి. నాగ, వెంకట, లక్ష్మి అంటూ మన పేర్ల మధ్యలో చేరినవాటిలో చాలావరకు ఇలాంటి రాజీలేనని నా అనుమానం.

తండ్రి జేబులో సచివాలయంలో ఇవ్వాల్సిన కాగితం ఉంది. 1969 చట్టం ప్రకారం పుట్టుక నమోదుకూ 21 రోజులే గడువు. పేరు ఖాళీగా వదిలి ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకే ఇంగ్లీషులో పూజితకు ఒక యూ పెట్టాలా, రెండు ఓలు పెట్టాలా అన్న వాదన నామకరణం కన్నా పెద్దదైంది. దాన్ని వదిలేద్దాం.

పళ్లెంలో బియ్యం పరిచారు. తండ్రి ఉంగరంతో రాస్తున్నాడు. పూజిత. లక్ష్మి. పళ్లెం అయిపోయింది.

"కోటేశ్వరి ఏదిరా?"

"కె. అని పొట్టిగా రాసేదా అమ్మా?"

"అట్టా కుదరదు. కొండమీద దేవుడికి పొట్టక్షరాలు చెప్పమాక." నాయనమ్మ లేచి వెళ్లి ఇంకో పళ్లెం బియ్యం తెచ్చింది. అతను దాన్నిండా రాశాడు. ఆ తర్వాత వంగి, పిల్ల కుడిచెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. చెప్పాడు. పక్కనే నాయనమ్మ కూడా వంగి, తన చెవీ పెట్టింది.

"మూడోసారి కోటేశ్వరి మింగేశావు," అంది. "మళ్లీ చెప్పు."