మగ్గము నిలిపిన గ్రామము



శిథిలమైన దేవళమును బాగుచేయుటకు రాయియు, సున్నమును, నేర్పరులైన తాపీపనివారును ఉన్న చాలును. శిథిలమైన గ్రామమును బాగుచేయుటకు ఇవి చాలవు. గ్రామమనగా ఇండ్లవరుస కాదు. ఆ యిండ్లలో తెల్లవారి లేచి జనులు చేయు పని. ఆ పని పోయిన పిమ్మట గోడలకెంత సున్నము కొట్టినను అది బొమ్మలకొలువగును గాని ఊరు కానేరదు. దీనికి దృష్టాంతముగా పోచంపల్లి చరిత్రమును మీకు విన్నవింప దలచితిని.

పోచంపల్లి హైదరాబాదునకు తూర్పున ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. 1951 ఏప్రిల్ 18వ తేదీని ఆచార్య వినోబా భావే పాదచారియై ఆ గ్రామమునకు వచ్చెను. భూమిలేని 40 దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని ఆయనతో చెప్పుకొనిరి. ఆయన ఆ మాటను సభలో ఊరివారి ముందుంచెను. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదనని పలికిరి. భూదానోద్యమము అచ్చట పుట్టెను. ఊరికి భూదాన పోచంపల్లి యను పేరు వచ్చెను. అయినను ఆ గ్రామమును బ్రతికించినది ఈ కీర్తి యొక్కటియే కాదు. దానిని బ్రతికించినవి పడుగును పేకయు.

పోచంపల్లి నేతను చిటికి యందురు. కొన్నిచోట్ల గుడ్డ నేసిన తరువాత రంగుల నద్దుదురు. ఇచ్చట నేయకముందే నూలునకు రంగు వేయుదురు. రంగు తగులరాని చోట దారమును బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరవైచి, కట్లు విప్పి, మరల వేరొకచోట కట్టి మరియొక రంగులో ముంచుదురు. అట్లు ముక్కలు ముక్కలుగా రంగుపట్టిన దారములు మగ్గముపై కూడినప్పుడు పువ్వో, చిలుకయో, ఏనుగో బయటపడును. నేయువాని మనస్సులో బొమ్మ ముందే పూర్తియై యుండవలెను. కట్టు ఒకటి తప్పిన బొమ్మ చెదరును.

ఈ విద్య పోచంపల్లికి తాతల నాటినుండి వచ్చినది కాదు. సముద్రతీరమున నున్న చీరాలలో తేలియా రుమాళ్లను నేసెడివారు. హిందీలో తేల్ అనగా నూనె. నూలును నూనెలోను, బూడిదనీటిలోను పలుమారులు నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు వేయుటచే వానికి ఆ పేరు వచ్చినది. అవి అరబ్బు దేశములకును బర్మాకును ఓడలపై పోయెడివి. సుమారు 1915 ప్రాంతమున ఈ విద్య చీరాలనుండి పోచంపల్లికి చేరినదని చెప్పుదురు. కాలక్రమమున విదేశపు బేరము సన్నగిల్లగా చీరాలలో ఆ కళ క్షీణించెను. పోచంపల్లివారు మాత్రము రుమాలునే పట్టుకొని కూర్చుండలేదు. అదే కట్టును చీరమీదికి తెచ్చిరి. 1955లో గ్రామమువారు ఇద్దరు యువకులను కాశికి పంపి పట్టునేత నేర్పించిరి. గ్రామపెద్దలైన మీరు ఈ మాటను ప్రత్యేకముగా చిత్తగింపవలెను. వారు విద్యను విడువలేదు, వస్తువును మార్చిరి. నిలుపుకొనవలసిన దేది, మార్చుకొనవలసిన దేది యని ఎరుగుటయే పెద్దరికము.

ఇంతవరకు చెప్పినది మగ్గముమీది కీర్తి. దాని వెనుక ఇల్లాండ్ర కష్టమొకటి కలదు. దానిని ఆసుపోయుట యందురు. ఒకవైపు ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారమున నాటిన మేకులు. వాని నడుమ పేకదారమును చేతితో ఇటునటు త్రిప్పవలెను. ఒక్క చీరకు సుమారు 9000 మారులు చేయి ఆడవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసిన స్త్రీకి సాయంకాలమునకు భుజము పైకి లేవదు. ఆలేరు ప్రాంతపువాడగు చింతకింది మల్లేశము అను యువకుడు తన తల్లి లక్ష్మి పడు ఈ బాధను చూడజాలక, 1992లో పూనుకొని, ఎన్నియో భంగపాటుల కోర్చి, 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచెను. దానికి తల్లి పేరే పెట్టెను. ఆయన బడిచదువు మధ్యలోనే ఆగిపోయినది. 2017లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను.

ఈ వృత్తాంతము విన్నప్పుడు నేను తలవంచుకొంటిని. కారణము చెప్పెదను. నేను చాలకాలము ఒక చేనేత గ్రామమున ఉపాధ్యాయుడనుగా నుంటిని. పాఠమప్పగింపని బాలుని, “చదువకున్నచో మగ్గపు గుంటలో కూర్చుందువురా” యని అదలించుట నాకు వాడుక. ఒకనాడొక బాలుని తండ్రి బడికి వచ్చి, చేతులు జోడించి, “పంతులుగారూ, తమ భుజముమీది కండువా ఆ గుంటలో కూర్చుండియే నేసినానండీ” యని మాత్రము అనెను. అందు కోపము లేదు. నా నోట మాట రాలేదు. ఆ బాలుడు పెద్దవాడై పట్టణమునకు పోయి ఒక గిడ్డంగికి కావలికాయుచున్నాడు. అతని యింటి మగ్గము అటుకెక్కినది. నేను సంస్కృతకావ్యములు చదివితిని గాని, ఎదుటనున్న విద్యను విద్యయని గుర్తింపనైతిని.

కాబట్టి ఊళ్లు పాడగుటకు కూలి చాలమి ఒక్కటియే కారణము కాదు. గౌరవము చాలమియు కారణమే. కూలియు తక్కువ విషయము కాదు. చిటికి బొమ్మను మిల్లుగుడ్డపై అచ్చువేసి చవుకగా అమ్మువారున్నంతకాలము, నెలల శ్రమతో నేసినవానికి గిట్టుబాటు కాదు. 2004-05లో పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతరులు ఆ పేరు పెట్టుకొని అమ్మరాదని దాని భావము. అయినను కొనువాని కన్నే నిజమైన కాపు. అసలైన చిటికిగుడ్డకు రెండువైపులను రంగు సమముగా నుండును. బొమ్మ అంచులు గీత గీసినట్లుండక ఈకవలె కొంచెము చెదరియుండును. ఈ గుర్తును మీ యింటి ఆడుబిడ్డలకు నేర్పుడు.

ఇటీవల పోచంపల్లిలో వినోబా బసచేసిన తావును స్మారకముగా కాపాడుచున్నారు. చూడవచ్చినవారు మగ్గములను చూచి, నేసినవారి చేతినుండియే చీరలు కొనుచున్నారు. 2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశములనుండి ఎన్నుకొన్న 44 ఉత్తమ పర్యాటకగ్రామములలో పోచంపల్లి యొకటి. గోడలు చూడ ఎవరును అంతదూరము రారు. ఇండ్లలో మగ్గపు చప్పుడు వినబడుచున్నందుననే వచ్చిరి.

మీ మీ గ్రామములలో పాత చావడినో, కోనేటినో బాగుచేయదలచిన మంచిదే. కాని చందాల పుస్తకము తెరచుటకు ముందు మీ యూరి పనులను లెక్కించుడు. కుమ్మరి చక్రము తిరుగుచున్నదా? మేదరికి వెదురు దొరకుచున్నదా? ఆ విద్య తెలిసిన కడపటి వృద్ధుడెవరు? ఆయనయొద్ద నేర్చుకొన ఇద్దరు యువకులు కలరా? వారికి పూటగడచు వెల వచ్చు వస్తువేది? ఆ పనిలో ఎవరి భుజము నొచ్చుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన తరువాత సున్నము కలుపుడు.

సంస్కృతమున తంతువనగా దారము. సంతానమనియు అర్థము కలదు. చిన్ననాడు నిఘంటువును వల్లించునప్పుడు ఈ రెండర్థముల పొత్తు నాకు తెలియలేదు. అటుకెక్కిన ఆ మగ్గమును తలచుకొన్నప్పుడు తెలిసినది.

సెలవు.