అడుగంచు లేని పుట

మీ ఇంట నున్న ఏ పత్రికనైనను తెరచి చూడుడు. పుటకు నాలుగంచులున్నవి. కాగితపు కొలత ముందుగానే నిర్ణయమైనది. ఒక కాలమ్ కురచయైనచో అచ్చుకూర్చువాడు చిన్న ప్రకటననో, పువ్వు బొమ్మనో చేర్చి దానిని అడుగుదాక నింపును. ఇంత సులువైన పని కంప్యూటరు తెరమీది వెబ్ పేజీ విషయమున మాత్రము ఇంచుమించు ఇరువది సంవత్సరములు నిపుణులను వేధించినది. దీనికి కారణము విచారింపదగియున్నది.

1989లో జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కు మూలమైన ప్రతిపాదన చేసినాడు. ప్రయోగముల సమాచారము చెదరిపోక శాస్త్రజ్ఞులందరికిని అందుబాటులో నుండవలెనని ఆయన ఉద్దేశము. ఆ పద్ధతిలో పుట వెడల్పును చదువరి తెరచిన కిటికీ నిర్ణయించును. ఎత్తును విషయమే నిర్ణయించును. వ్రాత యున్నంతవరకు పుట క్రిందికి పెరుగుచు పోవును. దానికి అడుగంచు లేదు.

అచ్చు పుటలకు అలవాటుపడిన రూపకర్తలకు ఇది రుచింపలేదు. ఎడమప్రక్క విషయసూచిక, నడుమ వ్యాసము, కుడిప్రక్క ప్రకటనలు, మూడును అడుగుదాక సమముగా దిగవలెనని వారి కోరిక. 1990వ దశకము నడుమ వారికొక ఉపాయము దొరికినది. అంకెల పట్టికల కొరకు ఏర్పడిన టేబుల్‌ను పుట కూర్పునకు వాడుకొన్నారు. పట్టికలో ఒక అడ్డువరుసలోని గళ్ళన్నియు ఒకే ఎత్తున నుండును గదా! అయితే పట్టికలో పట్టిక, అందులో మరొక పట్టిక చేరి పుట బరువెక్కినది. తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనముపై ఆధారపడిన అంధులకు మాటలు వరుస తప్పి వినిపించుటయు కలిగినది.

విషయమును ఒకచోటను, దాని రూపమును వేరొకచోటను వ్రాయు పద్ధతిని 1994లో నార్వే దేశీయుడైన హోకోన్ వియుమ్ లీ ప్రతిపాదించినాడు. అదియే సి.ఎస్.ఎస్. 1996 డిసెంబరులో అది ప్రమాణమైనది. కాని ఎత్తు దగ్గర చిక్కు వచ్చినది. లోపలి పెట్టె, “నా ఎత్తు బయటి పెట్టె ఎత్తులో నూటికి నూరు” అనును. బయటి పెట్టె, “నా ఎత్తు లోపలి పెట్టెను బట్టి యుండును” అనును. ఒకదానికొకటి ఎదురు చూచుచుండగా లెక్క తెగునది ఎట్లు? అందుచేత బయటి పెట్టె ఎత్తును స్పష్టముగా చెప్పనిచో ఆ నూటికి నూరు చెల్లదని 1998 నాటి రెండవ ప్రమాణము నిర్దేశించినది. పైనుండి క్రిందిదాక ప్రతి పెట్టెకును ఎత్తు చెప్పవలెను. నడుమ ఒక్కటి మరచినను గొలుసు తెగును.

2004 జనవరిలో డాన్ సీడర్‌హోమ్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో మరొక ఉపాయము ప్రకటించినాడు. కాలములను పొడిగించుట మాని, వాని వెనుక రంగు చారల చిత్రమును నిలువునా పరచుటయే అది. కాలములు సమముగా కనిపించినవి. నిజమునకు సమములు కావు.

కొందరు ఎత్తును కచ్చితమైన అంకెతో బిగించినారు. ఇది అన్నిటికంటె ప్రమాదము. చదువరి చూపు మందగించి అక్షరములను పెద్దవి చేసికొన్నచో వ్రాత పెట్టెను దాటి క్రిందిదానిపై పడును, లేదా తెగిపోవును. మన లిపికి ఈ బాధ అధికము. పైన గుడులు, క్రింద వత్తులు గల తెలుగు పంక్తికి ఆంగ్లపు పంక్తికంటె ఎక్కువ చోటు కావలెను. ఆంగ్లమునకు సరిపెట్టిన ఎత్తులో “స్త్రీ” అను అక్షరము అడుగు భాగమును కోల్పోవచ్చును.

“ఇంతే” అనుటకు మారుగా “కనీసము ఇంత” అని చెప్పు మార్గము 1998 ప్రమాణములోనే యున్నది. కాని 2001లో వెలువడి బహుళ ప్రచారము పొందిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరవ కూర్పు ఆ మాటను గుర్తింపలేదు. 2006 నాటి ఏడవ కూర్పు గుర్తించినది. పుటను గళ్ళుగా విభజించి సమముగా సాగదీయు ‘గ్రిడ్’ పద్ధతిని 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు స్వీకరించినవి. టేబుల్ చేసిన పని దాని దోషములు లేకుండ సాధ్యమైనది.

ఇంతలో చేతిఫోను మరొక చిక్కు తెచ్చినది. పైకి క్రిందికి జరుపునపుడు చిరునామా పట్టీ కనబడుచు, మాయమగుచు నుండుటచే కిటికీ ఎత్తునకే నిలుకడ లేకపోయినది. పుట అడుగున నున్న మీట కంటికి కనబడకుండ పోయెడిది. పట్టీ ఉన్నప్పటి చిన్న ఎత్తునకు, లేనప్పటి పెద్ద ఎత్తునకు, క్షణక్షణము మారు ఎత్తునకు వేర్వేరు కొలమానములను 2022లో ప్రధాన బ్రౌజర్లు అమలులోనికి తెచ్చినవి.

పెండ్లిపందిరి వేయువాడు తగినంత చోటు తక్కువ కాకుండ చూచుకొనును. ఇంతకు మించి అతిథులు రారాదని గోడ కట్టడు. వెబ్ పుటను తీర్చువారు ఈ పాఠము నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది. పుట నిండుగా కనబడుట ముచ్చటయే. ఆ ముచ్చట కొరకు చదువరికి ఒక్క అక్షరమైనను మరుగుపడరాదు.