సైటరబిన్

సైటరబిన్ కణాల్లో డీఎన్ఏ తయారీకి అడ్డుపడే న్యూక్లియోసైడ్ సదృశం. దీన్నే అరా-సి అని కూడా అంటారు. ప్రధానంగా తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌కు వాడతారు.

దీనికి దారి చూపింది కరీబియన్ ప్రాంతపు స్పంజిక ఒకటి. 1945లో శాస్త్రవేత్త వెర్నర్ బెర్గ్‌మన్ ఫ్లోరిడా తీరంలో సేకరించిన ఈ జీవిలో విచిత్రమైన న్యూక్లియోసైడ్లు దొరికాయి. వాటిలో రైబోజ్‌కు బదులు అరబినోజ్ అనే చక్కెర ఉన్నట్టు 1950లలో తేలింది. సైటరబిన్‌ను స్పంజిక నుంచే తీశారని తరచూ రాస్తుంటారు కానీ, అది సరికాదు. స్పంజికలో ఉన్నవి థైమిన్, యురాసిల్ రూపాలు. సైటోసిన్ రూపమైన సైటరబిన్‌ను 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో కృత్రిమంగా తయారుచేశారు. అమెరికాలో 1969లో అనుమతి లభించింది.

సహజ న్యూక్లియోసైడ్ అయిన సైటిడిన్‌కూ దీనికీ తేడా ఒక్కచోటే. చక్కెర రెండో కార్బన్‌పై హైడ్రాక్సిల్ కిందికి కాక పైకి ఉంటుంది. ఇంత చిన్న తేడాను కణం పట్టించుకోదు, లోపలికి రానిస్తుంది. అప్పటికి అది ఇంకా మందుగా పనిచేయదు. కణంలోని ఎంజైములే దానికి వరసగా మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. మొదటిదాన్ని తగిలించే డీఆక్సీసైటిడిన్ కైనేజ్ తగ్గిపోయిన క్యాన్సర్ కణాలు మందుకు లొంగవు. మూడు ఫాస్ఫేట్ల రూపం డీఎన్ఏ పాలిమరేజ్ దగ్గర అసలు ముడిసరుకుతో పోటీపడి, పెరుగుతున్న డీఎన్ఏ పోగులో చేరుతుంది. మూడో కార్బన్‌పై హైడ్రాక్సిల్ ఉంది కాబట్టి పోగు పూర్తిగా మూసుకుపోదు. కానీ చక్కెర ఆకారం కుదరక తర్వాతి న్యూక్లియోటైడ్ అతకడం కష్టమవుతుంది. ప్రతికృతి నిలిచిపోయి, డీఎన్ఏ తెగి, చివరికి కణం చనిపోతుంది.

డీఎన్ఏ తయారవుతున్న ఎస్ దశలోని కణాలపైనే ఈ దెబ్బ పడుతుంది. పైగా సైటిడిన్ డీఅమినేజ్ అనే ఎంజైము ఒంట్లో మందును త్వరగా నిర్వీర్యం చేస్తుంది. అందుకే 7 రోజులు ఆపకుండా సెలైన్‌లా ఎక్కిస్తూ, 3 రోజులు డానోరూబిసిన్ అనే మరో క్యాన్సర్ మందు ఇచ్చే ‘7+3’ పద్ధతి 1970లలో స్థిరపడింది. వేగంగా విభజన చెందే మామూలు కణాలకూ ఇదే గతి. రక్తకణాలు పడిపోవడం, నోటిపూత, విరేచనాలు అందువల్లే.

సైటరబిన్ ఘన కణితులపై పెద్దగా పనిచేయలేదు. ఆ లోటు కొంత తీర్చింది ఎలై లిల్లీ కంపెనీ రూపొందించిన జెమ్‌సిటబిన్ అనే మందు. ఇందులో రెండో కార్బన్‌పై 2 ఫ్లోరిన్ పరమాణువులు ఉంటాయి. ఇది పోగులో చేరాక మరొక్క న్యూక్లియోటైడ్ మాత్రమే అతుకుతుంది, ఆ తర్వాత పోగు ఆగిపోతుంది. తప్పులు సరిదిద్దే ఎంజైములకు చివర ఉన్నది మామూలు న్యూక్లియోటైడే కాబట్టి, దాని వెనకున్న మందును తొలగించడం కష్టమవుతుంది. అంతేకాక రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుని డీఎన్ఏ ముడిసరుకునే తగ్గిస్తుంది. క్లోమ క్యాన్సర్‌కు దీన్ని అమెరికాలో 1996లో అనుమతించారు.