ఒకటి, మూడు, నాలుగు, రెండు

విజయవాడ ఆటోనగర్. ఆదివారం పొద్దున్న ఆరు. మామూలు రోజుల్లో లారీ బాడీలు కట్టే సుత్తుల మోతలో ఇక్కడ పక్కవాడి మాట వినపడదు. ఇవాళ షట్టర్లన్నీ దించి ఉన్నాయి. టీ బండి దాటి రెండో సందులోకి తిరగండి. రేకుల షెడ్డు ఒక్కటే తెరిచి ఉంది. నేలంతా గ్రీజు, చూసుకుని అడుగేయండి.

లోపల లేత నీలం ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. ఎత్తిన బానెట్ కిందికి వంగిన కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. బండి వాళ్ల తాతయ్యది. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ కారు చేతికి రాని రోజుల్లో కొన్నది. ఆయన పోయాక ఊళ్లో గొడ్లపాకలో, గడ్డిమోపుల వెనక నిలబడిపోయింది.

"వైర్లు ఏ వరసలో పెట్టావబ్బాయ్?" మేస్త్రీ గారు స్టూలు మీంచి లేవకుండానే అడుగుతారు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు."

"అట్టా పెడితే దగ్గుద్ది గానీ నడవదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు."

కుర్రాడు నాలుక కరుచుకుని ప్లగ్గు వైర్లు పీకి మళ్లీ పెడుతున్నాడు. మీరూ వంగి చూడండి. ఇంజనుకీ పక్క రేకుకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. పెట్రోలు ఎటు నుంచి వస్తుందో, కరెంటు ఎటు పోతుందో వేలు పెట్టి చూపించొచ్చు. కొత్త కారు బానెట్ ఎత్తితే ముందు కనపడేది నల్లటి ప్లాస్టిక్ మూత. ఈ పిల్లలు పాత బండ్ల వెంట పడటానికి సగం కారణం ఈ తేడాయేనని నాకనిపిస్తుంది. చిన్ననాటి జ్ఞాపకాల మోజు అందామా అంటే, పద్మిని తయారీ ఆగిపోయేనాటికి వీడింకా పుట్టనే లేదు.

ఇప్పుడు ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కో మూత ఊడదీశాడు. లోపల పాయింట్లు. ఆ రెండు మొనలూ విడిపోయిన క్షణానే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఎడం ఎక్కువైనా తక్కువైనా బండి మొరాయిస్తుంది. ఫీలర్ గేజి రేకు వాటి మధ్య దూర్చి మీ చేతికిస్తాడు, లాగి చూడండి. కొంచెం పట్టినట్టుండి జారాలి. జారింది.

చోక్ లాగి తాళం తిప్పుతాడు. సెల్ఫ్ గరగరమంటుంది. మళ్లీ తిప్పాడు. అంటుకుంది! షెడ్డు రేకులు అదురుతున్నాయి, పెట్రోలు వాసన గుప్పున కొట్టి కళ్లు మండుతున్నాయి. మేస్త్రీ గారు అప్పుడు లేచారు. డెల్కో నట్టు వదులు చేసి, కుర్రాడి చెయ్యి తెచ్చి దాని మీద పెట్టారు.

"వెంట్రుకవాసి తిప్పు."

మోత బరువెక్కింది.

"అటు కాదు, ఇటు."

వేగం పుంజుకుంది. ఇంకొంచెం తిప్పగానే టకటకా కొట్టుకోవడం మొదలైంది.

"వెనక్కి, వెనక్కి... ఆగు. విను."

మీరూ వినండి. ఇందాకటి నుంచి తడబడుతున్న చప్పుడు లయలో పడింది. కుర్రాడు చెయ్యి తియ్యలేదు, చూపు కూడా ఇంజను మీద లేదు. చెవులతోనే పని చేస్తున్నాడు. మేస్త్రీ గారు నట్టు బిగించేశారు.

వాళ్ల చెల్లెలు ఇదంతా ఫోన్లో తీస్తోంది. రీల్స్ కోసం పాత కార్ల చుట్టూ తిరుగుతున్నారని పెద్దవాళ్లు విసుక్కుంటారు. తిరగనివ్వండి. ఆ రీల్స్ చూసే కదా ఈ మేస్త్రీకి ఏలూరు నుంచీ గుంటూరు నుంచీ ఫోన్లొస్తున్నాయి! పద్మినికి టచ్ స్క్రీనూ అల్లాయ్ చక్రాలూ తగిలించేవాళ్లతో మాత్రం నాకు పేచీయే.

పేపర్ల మాట అడిగితే కుర్రాడు సంచీ చూపిస్తాడు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండినవే వింటేజ్ బండ్లు, వాటికి 'వీఏ' అక్షరాల నంబరిస్తారు. దీనికి 2034 దాకా ఆ హోదా రాదు. వీడికీ తొందర లేదు. ఆ నంబరొస్తే రోజువారీ తిరుగుళ్లకు వాడనివ్వరు.

ఎక్కండి. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒక్కటే, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. నిలబడ్డ బండిలో చక్రం తిప్పాలంటే భుజాలు నొప్పెడతాయి. అందుకని మెల్లగా కదిలిస్తూ తిప్పుతున్నాడు. బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద పోతుంటే పక్కనే స్కూటరాయన. "మా మేనమామకి ఉండేదయ్యా ఇది!" అని అరిచి, సిగ్నలు దాకా మనతోనే వచ్చాడు. ప్రకాశం బ్యారేజీ ఎక్కగానే కిటికీ మూల త్రికోణపు అద్దం తిప్పండి. కృష్ణ మీది గాలి సూటిగా మొహానికి తగులుతుంది. ఈ బండిలో ఏసీ అంటే ఇదే.

సీతానగరం వైపు రోడ్డు వారన ఒక అంబాసిడరూ, ఒక మారుతి 800 ఆగి ఉన్నాయి. 1983లో వచ్చిన మారుతిని పాతకాలపు కారు అనొచ్చా కూడదా అని వాటి తాలూకు కుర్రాళ్లు వాదించుకుంటున్నారు. అనొచ్చనే నా ఓటు. ఆ మాటెత్తితే అంబాసిడర్ కుర్రాడికి కోపం.

తిరుగు దారిలో స్టీరింగు చెల్లెలిది. ముందు లారీ నెమ్మదించింది.

"బ్రేకు ముందే తొక్కాలమ్మా, ఇది ఆలోచించి ఆగుద్ది!" వెనక సీట్లోంచి మేస్త్రీ గారు.

ఆగింది. మళ్లీ కదిలాక రెండో గేరు మాత్రం పడనంటోంది. రెండుసార్లు కర్రుమంది.

"రాడ్డు బుష్షులు అరిగిపోయినయ్."

"ఎక్కడ కొనాలి బాబాయ్?"

"కొనడానికి దొరకవమ్మా. ఇత్తడి ముక్క పట్రా, లేతు మీద తిప్పించుకుందాం."