డెలివరీ అయ్యాక ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఉండొచ్చు? అలంపూర్ బాలింతలు తెలుసుకోవాల్సిన విషయాలివే

అలంపూర్: కాన్పు అయిన మర్నాడే వార్డులో ‘ఇంటికి పోదామా’ అనే మాట మొదలవుతుంది. ఒక్కోసారి ఆ మాట సిబ్బంది నుంచి వస్తుంది. చాలాసార్లు మాత్రం మన ఇంట్లోవాళ్లే అంటారు. పొలం పని ఆగింది, పెద్ద పిల్లలు ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్నారు, తోడు వచ్చిన అమ్మకు వరండాలో తప్ప పడుకునే చోటు లేదు. అసలు బాలింతకు ఎలా ఉందన్నది ఎవరూ అడగరు.

అలాంటప్పుడు ఆమెకు తెలిసి ఉండాల్సిన లెక్క ఇది. 2011 జూన్ 1న కేంద్రం మొదలుపెట్టిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం, ప్రభుత్వ ఆస్పత్రిలో నార్మల్ డెలివరీ అయితే 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజుల వరకు బాలింతకు ఉచితంగా భోజనం పెట్టాలి. మందులు, రక్త పరీక్షలు, అవసరమైతే రక్తం, ఇంటి నుంచి ఆస్పత్రికి, తిరిగి ఇంటికి వాహనం కూడా ఉచితమే. బిడ్డకు జబ్బు చేస్తే ఆ వైద్యానికీ డబ్బు కట్టక్కర్లేదు.

సమస్య ఇప్పుడు కాన్పుది కాదు, తర్వాతి రోజులది

2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 చూస్తే, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. అంటే ఆస్పత్రికి రావడం అలవాటైపోయింది. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. ఇంత మందికి కడుపు కోసి కుట్లు వేస్తున్నప్పుడు, ఆస్పత్రిలో గడిపే ఆ వారం రోజులు ఆపరేషన్ నుంచి కోలుకునే రోజులు కూడా. బంధువులు వచ్చి బిడ్డను చూసిపోయే రోజులుగానే మనం ఇంకా లెక్కేస్తున్నాం.

మొదటి 24 గంటలు కదలొద్దు

ఏ ఇబ్బందీ లేని నార్మల్ డెలివరీ అయినా తల్లి, బిడ్డ కనీసం 24 గంటలు ఆస్పత్రిలోనే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కారణం రక్తస్రావం. ప్రాణం మీదకు తెచ్చే రక్తస్రావం ఎక్కువగా ఈ మొదటి రోజులోనే మొదలవుతుంది. అందుకే నర్సు మాటిమాటికీ వచ్చి బీపీ చూడటం, పొట్ట మీద నొక్కి గర్భసంచి గట్టిపడిందా లేదా చూడటం జరుగుతుంది. నొప్పిగా ఉంటుంది, విసుగొస్తుంది. కానీ చూడకపోతేనే భయపడాలి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే ‘పొద్దున డాక్టర్ వచ్చాక చెబుదాం’ అనుకోవద్దు, అర్ధరాత్రయినా నర్సును లేపండి.

బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా డిశ్చార్జ్‌కు ముందే వేయిస్తారు. హెపటైటిస్-బి అయితే 24 గంటల్లోపే పడాలి. తొందరపడి వెళ్లిపోతే ముందు మిస్సయ్యేవి ఇవే.

ఇక ముర్రుపాలు. పుట్టిన గంటలోపు బిడ్డకు తల్లిపాలు పట్టాలి. తెలంగాణలో అలా పట్టినవాళ్లు సర్వే-5లో 37.1 శాతమే. ఆస్పత్రిలో పుట్టే పిల్లలు 97 శాతం, గంటలో పాలు తాగే వాళ్లు 37 శాతం! సిజేరియన్ అయిన తల్లికి మత్తు దిగలేదనో, పాలు పడలేదనో పక్కన ఉన్న పెద్దవాళ్లు తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పడతారు. అవేవీ వద్దు. సిజేరియన్ అయినా, పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే తల్లి పడుకునే పాలివ్వొచ్చు. ఎలా పట్టుకోవాలో నర్సు చేత చూపించుకోండి.

నీళ్ల సంగతీ అంతే. డాక్టర్ తాగొచ్చు అన్నాక కూడా ‘కుట్లు చీము పడతాయి’ అని బాలింతకు నీళ్లివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లు తాగితే కుట్లకు చీము పట్టదు. తాగకపోతే మలబద్ధకం వస్తుంది, ఆ ముక్కుడుకు కుట్ల నొప్పి రెట్టింపవుతుంది. పథ్యం పేరుతో కూరలు, పప్పు మాన్పించడం కూడా ఇలాంటిదే.

‘సంతోషంగా ఇవ్వండి’

వార్డు అనుభవాల గురించి ఏ బాలింతను కదిలించినా రెండు మాటలు వస్తాయి. ఒకటి బాత్‌రూమ్. కుట్లతో నడిచి వెళ్లాక అక్కడ తలుపుకు గడియ ఉండదు, నీళ్లు ఉండవు. రెండోది బిడ్డను చేతికిచ్చేటప్పుడు అడిగే డబ్బు. దాన్ని ఎవరూ లంచం అనరు, ‘సంతోషంగా ఇవ్వండి’ అంటారు. మగబిడ్డయితే రేటు వేరు. ఈ డబ్బు ఇవ్వాలని ఏ నిబంధనా లేదు. అడిగితే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.

తుంగభద్ర దాటితే ఏమవుతుంది?

అలంపూర్ వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 2016 అక్టోబర్ 11 నుంచి జిల్లా కేంద్రం గద్వాల. కానీ దగ్గరున్న పెద్ద ఊరు కర్నూలు, సుమారు 25 కిలోమీటర్లు. నొప్పులు ఎక్కువైతే, బీపీ పెరిగితే చాలా కుటుంబాలు వంతెన దాటి అక్కడికే వెళ్తాయి. వెళ్లడం తప్పు కాదు, ప్రాణం ముందు. పైన చెప్పిన ఉచిత సేవలు కేంద్ర పథకం కింద వచ్చేవి కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ అడగొచ్చు.

తేడా వచ్చేది రాష్ట్ర పథకాల్లో. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌నే తీసుకోండి. ఆ పథకంలో మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు అన్నది నాలుగు విడతల లెక్కగా ఉండేది. అందులో రెండో విడత రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు అయితేనే ఇచ్చేవారు. నది దాటితే ఆ లెక్కలోకి వచ్చేవారు కాదు.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. జనన నమోదు పుట్టిన చోటే జరుగుతుంది. ఇల్లు అలంపూర్‌లో ఉన్నా బిడ్డ కర్నూలులో పుడితే సర్టిఫికెట్ కర్నూలు నుంచే వస్తుంది. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. స్కూల్లో చేర్చేటప్పుడు తిరగడం కంటే, డిశ్చార్జ్ రోజే ఆస్పత్రి రికార్డులో తల్లిదండ్రుల పేర్లు, ఇంటి అడ్రస్ సరిగ్గా రాశారో లేదో చూసుకోవడం తేలిక. తిరుగు ప్రయాణానికి ఉచిత వాహనం మీ ఊరి వరకు వస్తుందా అన్నది కూడా ముందు రోజే అడిగి పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక

ఆస్పత్రిలో కాన్పు అయిన తల్లి దగ్గరకు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. కర్నూలులో కాన్పు అయితే మీ ఊరి ఆశాకు ఆ విషయం తెలియకపోవచ్చు, ఫోన్ చేసి చెప్పండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి.

జ్వరం, భరించలేని తలనొప్పి, కళ్లు మసకబారడం, కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, కుట్ల నుంచి చీము, దుర్వాసన. వీటిలో ఏది కనిపించినా మళ్లీ ఆస్పత్రికే. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారినా 108కి ఫోన్ చేయాలి.

కారణం లేకుండా ఏడుపు రావడం మొదటి కొన్ని రోజులు చాలామందికి మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పాలి. టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా కాల్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డిశ్చార్జ్ కాగితాన్ని ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రాత్రిపూట మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే, అక్కడి డాక్టర్ ముందు అడిగేది ఆ కాగితమే.