1257ఎల్ వెనుక కథ

లండన్‌లో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు పేస్లిప్ చూపించి, "అన్నా, ఈ 1257ఎల్ ఏంటి?" అని అడుగుతుంటారు. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదని అర్థం. చివరి అంకె వదిలేస్తారు. 'ఎల్' అంటే మామూలు మినహాయింపు. అంతే చెప్పి పంపేయొచ్చు గానీ, నాకు మనసొప్పదు. ఈ కోడ్ల పద్ధతి ఎలా వచ్చిందో కూడా చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం ఖర్చు కోసం బ్రిటన్ మామూలు కార్మికుల మీదా పన్ను వేసింది. గడిచిన నెలల సంపాదన మీది పన్నును తర్వాతి కూలిలోంచి కోసేవారు. ఓవర్‌టైమ్ ఆగి చేతిలో డబ్బు తగ్గాక, పాత ఓవర్‌టైమ్ పన్ను వచ్చి పడేది. ఎంత అన్యాయం! దాన్ని సరిదిద్దినవాళ్లలో ముఖ్యుడు పాల్ చేంబర్స్. 1937 నుంచి 1940 దాకా భారత ప్రభుత్వానికే ఆదాయపు పన్ను సలహాదారు. సంపాదించినప్పుడే పన్ను కోసే ఈ కొత్త పద్ధతిని పార్లమెంటులో ప్రకటించాల్సిన రోజునే, 1943 సెప్టెంబరు 21న, ఆర్థికమంత్రి కింగ్స్‌లీ వుడ్ కన్నుమూశారు. 1944 ఏప్రిల్ 6న అది అమల్లోకి వచ్చింది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. యజమానికి కోడ్ మాత్రమే తెలుస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందన్న వివరాలు పన్నుల శాఖ దగ్గరే ఉంటాయి. జీతం తగ్గితే, ఎక్కువ కోసిన పన్ను ఆ జీతంతోనే వెనక్కి వస్తుంది. కోడ్ పక్కన 'ఎం1' ఉంటే మాత్రం ఏ నెల లెక్క ఆ నెలదే. అలా కనిపిస్తే వెంటనే పన్నుల శాఖకు ఫోన్ చేయమంటాను.