పెద్ద ఆపరేషను పిమ్మట సహజప్రసవము: చరిత్రయు, సన్నాహమును

తొలికాన్పు పుట్టినింట జరుగవలెనని తెలుగువారి యాచారము. షోలాపురమున తరతరములుగా మగ్గమును నమ్ముకొనిన కుటుంబములలోనికి తెలంగాణమునుండి కోడలు వచ్చినచో, బేసినెలలో మంచిదినము చూచి ఆమెను పుట్టినింటికి తోడ్కొని పోవుదురు. హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురము, యానాము ప్రాంతములందలి మనవారిలోను ఇదియే పద్ధతి. రెండవ కాన్పు తరచుగా అత్తవారి యూరనే జరుగును. ఈ చిన్న యాచారమునకు ప్రసూతివైద్య చరిత్రయందలి యొక పెద్ద ప్రశ్నతో సంబంధము కలదు. తొలికాన్పున కడుపు కోసి బిడ్డను తీసిన యెడల, ఆ కోత యెట్టిదో చెప్పు కాగితము ఒక రాష్ట్రమున నుండును. ఆ కుట్టును నమ్ముకొని మరల నొప్పులు పడదలచిన తల్లి మరియొక రాష్ట్రమున నుండును.

మన భాషలో కడుపుకోత యనగా బిడ్డను పోగొట్టుకొనిన తల్లి దుఃఖము. అందువలననే కాబోలు, ఈ శస్త్రమును మనవారు పెద్ద ఆపరేషను అనిరి గాని ఆ మాటను దీనికి తగిలింపలేదు. నిజమునకు పందొమ్మిదవ శతాబ్దమున చాలకాలమువరకు ఆ శస్త్రము చేయించుకొనిన తల్లులలో పెక్కురు బ్రతుకలేదు. గర్భకోశమును కుట్టకయే వదలుచుండుటచే రక్తము పోయియో, చీము పట్టియో మరణించుచుండిరి. 1876లో ఇటలీ దేశపు పావియా నగరమున ఎడ్వర్డో పోర్రో యను వైద్యుడు బిడ్డను తీసి, వెంటనే గర్భకోశమునే తొలగించి తల్లిని కాపాడెను. ప్రాణము దక్కెను గాని మరుకాన్పు మాట లేదు. 1882లో లైప్‌జిగ్ నగరమున మాక్స్ శాంగర్ గర్భకోశపు గోడను వెండితీగతోను పట్టుదారముతోను కుట్టు పద్ధతిని ప్రకటించెను. మన ప్రశ్న నిజముగా పుట్టినది అప్పుడే. కుట్టిన గర్భకోశము మరల నొప్పులకు తాళునా?

ఆ దినములలో కోత గర్భకోశపు పైభాగమున నిలువుగా నుండెడిది. నొప్పులు వచ్చినప్పుడు మిక్కిలి బలముగా బిగియు భాగము అదియే గనుక, అచటి కుట్టు చిట్లుట యపురూపము కాదు. 1916లో న్యూయార్కు నగరమున ఎడ్విన్ క్రేగిన్ అను ఆచార్యుడు, ఒకమారు ఈ శస్త్రము జరిగిన స్త్రీకి తరువాతి కాన్పులయందును అదియే గతి యను భావమును సూత్రప్రాయముగా వెల్లడించెను. అయితే ఆయన యుద్దేశము వేరు. మొదటి శస్త్రమునకు పూనుకొనుటకు ముందే చక్కగా ఆలోచింపుడని తోడి వైద్యులను హెచ్చరించుటకు ఆ మాట చెప్పెను. మినహాయింపులు పెక్కు కలవనియు వెంటనే అనెను. లోకము మినహాయింపులను మరచి సూత్రమును పట్టుకొనెను. సగము మాత్రమే జ్ఞాపకముండుట సూత్రములకు క్రొత్త కాదు గదా.

1920వ దశకమున గ్లాస్గో నగరమున మన్రో కెర్ కోతను గర్భకోశపు క్రిందిభాగమునకు దింపి, అడ్డముగా వేయు పద్ధతికి ప్రచారము కల్పించెను. ఆ భాగము పలుచనిది. నొప్పులలో అంతగా బిగియదు. కుట్టు చక్కగా మానును. ఈ మార్పుతో క్రేగిన్ సూత్రమునకు ఆధారము సడలినది. బ్రిటనులో వైద్యులు తగిన స్త్రీలకు నొప్పులు పడు అవకాశమిచ్చుచు వచ్చిరి. అమెరికాలో మాత్రము పాతసూత్రమే చిరకాలము చెల్లెను.

మన దేశమున ప్రసూతివైద్యము బ్రిటిషు పాఠ్యగ్రంథముల ననుసరించి పెరిగినది. చెన్నపట్టణమున 1844లో వెలసిన ఎగ్మూరు ప్రసూతి వైద్యశాల దానికి పెద్దబడి. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలయువరకు తెలుగుజిల్లాల విద్యార్థులకు చెన్నపట్టణమే దిక్కు. ఎగ్మూరు వైద్యశాలకు పర్యవేక్షకుడై, తరతరముల విద్యార్థులు చదివిన ప్రసూతితంత్ర గ్రంథమును రచించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు 1887లో కర్నూలున జన్మించినవారు.

మంత్రసానుల సంగతియు నొకమాట చెప్పవలెను. కర్ణాటకమున పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ మాతృభాష తెలుగు. వేలకొలది పురుళ్లు పోసిన ఆమెకు 2018లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆ యేటి డిసెంబరులోనే ఆమె మరణించెను. అట్టివారి నేర్పు గొప్పదే. కాని కుట్టుపడిన గర్భకోశము వారి పరంపర యెరిగినది కాదు. అట్టి తల్లికి ఇంటి పురుడు తగదని నా నిశ్చితాభిప్రాయము.

అమెరికాలో 1980లో జాతీయ ఆరోగ్యసంస్థల పక్షమున జరిగిన పండితసభ పాతసూత్రమును సడలించినది. 1985లో, పూర్వము శస్త్రము జరిగిన స్త్రీలలో నూటికి ఏడుగురికి లోపుగా సహజప్రసవము కాగా, 1996 నాటికి 28 మందికి అయినది. పిమ్మట ఆ ప్రవాహము వెనుకకు తిరిగినది. 2001లో వాషింగ్టను రాష్ట్రపు లెక్కలు వెలువడెను. నొప్పులు తమంత వచ్చిన తల్లులలో వేయింటికి అయిదుగురికి గర్భకోశము చిట్లగా, ప్రోస్టాగ్లాండిను మందుతో నొప్పులు తెప్పించినవారిలో 24 మందికి పైగా చిట్లినది. తప్పు మందుదే యైనను భయము ప్రసవమునకే అంటుకొనెను. 2004 నాటికి సంఖ్య తొమ్మిదికి పడిపోయెను. ఆ యేడే సుమారు 18,000 మంది తల్లుల పరిశీలనము వెలువడినది. నొప్పులు పడిన వారిలో నూటికి 73 మందికి సహజముగ కాన్పు అయినది. గర్భకోశము చిట్లినది వేయింటికి ఏడుగురికి.

ఇక మన ప్రాంతముల సంగతి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రముతో జరుగగా, తెలంగాణమున 60.7, తమిళనాట 44.9, ఆంధ్రప్రదేశమున 42.4, కర్ణాటకమున 31.5, మహారాష్ట్రమున 25.4, ఒడిశాలో 21.6. కోడలి పుట్టినిల్లు తెలంగాణము, అత్తిల్లు షోలాపురము అయినచో ఆ యంకెల భేదమునకు అర్థము తెలియును. ముహూర్తము చూచి కడుపు కోయించుకొను వెఱ్ఱియు నిందులో కొంత పాలు గలది. ఆ ముహూర్తము రెండవ బిడ్డ జాతకమును గూడ వ్రాయుచున్నదని వారికి తోచదు.

సహజప్రసవము కోరు తల్లి చేయవలసిన సన్నాహము గర్భము ధరించుటకు ముందే మొదలగును. కాన్పునకు కాన్పునకు నడుమ ఏడాదిన్నరకు తక్కువ యెడమున్నచో కుట్టు చిట్లు భయము హెచ్చును. పూర్వమొకమారు సహజముగ ప్రసవించిన తల్లికి ఆశ మిక్కిలి యెక్కువ. మొదటి శస్త్రము బిడ్డ ఎదురుకాళ్లతో నుండుటవంటి ఆ కాన్పునకే చెందిన కారణముచే జరిగినచో అదియు అనుకూలమే. స్కానింగులో మాయ పాత కుట్టుమీద నంటుకొని యున్నదేమో తప్పక చూడవలెను. అట్లున్న యెడల సహజప్రసవపు తలంపు విడువవలసినదే. శస్త్రములు పెరిగినకొలది ఈ యాపదయు పెరుగును. రక్తహీనతను ముందే సరిదిద్దుకొనవలెను. కాన్పు జరుగు ఆసుపత్రిలో రేయింబవళ్లు ఆపరేషను గది, మత్తువైద్యుడు, ఎక్కించుటకు రక్తము సిద్ధముగ నుండవలెను. నొప్పులు మొదలైన వెంటనే అచటికి చేరవలెను. బిడ్డ గుండె చప్పుడును ఎడతెగక కనిపెట్టుచుండవలెను. నొప్పికి నొప్పికి నడుమ కుట్టుచోట తెరపిలేని బాధ, రక్తస్రావము, బిడ్డ గుండె మందగించుట, నొప్పులు హఠాత్తుగ ఆగుట ప్రమాదసూచనలు. నొప్పులు పడియు చివరకు శస్త్రమే అవసరమగు తల్లులు నూటికి పాతికమందికి పైగా ఉందురు. అది ఓటమి కాదు. కాని ముందు నిర్ణయించుకొనిన శస్త్రముకంటె కొంత కష్టతరమైనదని ముందే తెలిసియుండవలెను.

వీనన్నిటికంటె ముందు కావలసినది ఆ కాగితము. కడుపుమీది మచ్చ అడ్డముగ నున్నంతమాత్రమున లోపలి గర్భకోశపు కోతయు అడ్డముగ నున్నదని చెప్పరాదు. నిలువుకోత యైనచో నొప్పులు పడనీయరాదు. ఈ భేదమును తెలుపునది శస్త్రము చేసిన వైద్యుని వ్రాత. ఇంటికి పంపునప్పుడిచ్చు డిశ్చార్జి కాగితమున అది యొక్కొక్కప్పుడు ఉండదు. ఆపరేషను వివరములను ప్రత్యేకముగ అడిగి తీసికొనవలెను. భారత వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారము వైద్యుడు రోగి వివరములను మూడేండ్లు భద్రపరుపవలెను. అడిగినచో 72 గంటలలో ఈయవలెను. మన ఇండ్లలో రెండవ కాన్పు తరచుగా ఆ మూడేండ్లకు అటునిటుగనే వచ్చును. కావున పురిటిబిడ్డతో తల్లి అత్తవారింటికి బయలుదేరు నాడే, సారెతోపాటు ఆ కాగితపు ప్రతియు పెట్టెలో ఉండవలెను.